గృహరుణాలకు హక్కు పత్రాలు, బీమా: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు

ఇల్లు కుదువపెట్టుకుని అప్పిచ్చే సంస్థకు ప్రధానంగా రెండు భయాలు. ఆ ఇల్లు పెట్టినవాళ్లది కాదని రేపెవరైనా కోర్టుకెక్కవచ్చు. వాళ్లదే అయినా వరద రావచ్చు, నిప్పంటుకోవచ్చు, వాయిదాలు కట్టే మనిషే కన్నుమూయవచ్చు. మొదటి భయానికి విరుగుడు హక్కు పత్రాల పరిశీలన, రెండోదానికి బీమా. అమెరికాలో ఈ రెండింటినీ బీమా కంపెనీలే మోస్తాయి. మన దగ్గర హక్కు బరువంతా కాగితాల మీద, వాటిని చదివే వకీలు మీద పడుతుంది. పాలమూరు ప్రాంతంలోని ఈ మూడు జిల్లాల్లో హౌసింగ్ లోన్ ఫైలు ఆగిందంటే చాలాసార్లు ఆగేది ఈ కాగితాల దగ్గరే. బీమా పత్రం మీద మాత్రం చివరి రోజున, మిగతా ఇరవై సంతకాలతోపాటు ఇంకో సంతకం పడిపోతుంది. దానికి తగిన శ్రద్ధ దక్కడం లేదు.

జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడివడ్డాయి; పాలమూరు అన్నది ఆ ఉమ్మడి జిల్లాకే వాడుక పేరు. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ గద్వాల జిల్లాలో ఉంది. వనపర్తి, గద్వాల జిల్లాల మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, నాగర్‌కర్నూల్ జిల్లా మీదుగా హైదరాబాద్–శ్రీశైలం రహదారి పోతాయి. రోడ్ల పక్కన ప్లాట్ల వెంచర్లు, పాత పట్టణాల్లో తాతల నాటి మట్టిమిద్దెలు, నదుల ఒడ్డున ముంపు గ్రామాలు, నల్లమలలో చెంచు పెంటలు ఉన్నాయి. నాలుగు చోట్లా బ్యాంకు అడిగే కాగితాలు ఒకటే, దొరికేవి మాత్రం వేరు.

హక్కుకు మూలం

గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ (జటప్రోలు) నిజాం ఏలుబడిలో సంస్థానాలు. 1949లో వచ్చిన జాగీర్ల రద్దు చట్టం సంస్థానాలనూ జాగీర్ల లెక్కలోనే కలిపేసింది. దాంతో రాజాల కింద ఉన్న భూములు సర్కారు లెక్కల్లోకి వచ్చాయి. అందుకే ఇక్కడ ఏ సర్వే నంబరుకైనా హక్కు మూలం వెతికితే దారి తొలి సర్వే రికార్డైన సేత్వారుకు, 1954–55 నాటి ఖాస్రా పహాణీకి చేరుతుంది. ఖాస్రాలో ఎవరి పేరుందన్నది డెబ్బై ఏళ్ల తరవాత కూడా గద్వాలలో ఇల్లు కట్టుకునేవాడి లోను తేల్చగలదు.

ఈ దారిలో మూడు మలుపులు తరచూ ఎదురవుతాయి. భూమి ఇనాం అయితే, 1955 నాటి ఇనాంల రద్దు చట్టం కింద ఆర్డీఓ ఇచ్చిన అనుభవదారు హక్కు పత్రం, అంటే ఓఆర్‌సీ ఉండాలి. రక్షిత కౌలుదారు దున్నిన భూమి అయితే 1950 కౌలుదారీ చట్టంలోని 38-ఈ పత్రం సంగతి తేలాలి. పట్టాదారు అమ్మినా కౌలుదారు వారసుల హక్కు అలాగే ఉండిపోవచ్చు. మూడోది భాష. పాత దస్తావేజులు, పహాణీలు ఉర్దూలో ఉంటాయి. వాటిని చదివి తర్జుమా చేసిచ్చే పెద్దలు ప్రతి తాలూకా ఊళ్లో కొందరుండేవారు. ఇప్పుడు వాళ్ల సంఖ్య తగ్గుతోంది. బ్యాంకు ప్యానెల్ వకీలు తాను చదవలేని కాగితం మీద అభిప్రాయం రాయాల్సివచ్చే ఇబ్బంది ఈ ప్రాంతానికి కొత్త కాదు.

రిజిస్ట్రేషను చేసే పని, చెయ్యని పని

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం నూరు రూపాయలు, అంతకుమించి విలువున్న స్థిరాస్తిని అమ్మాలంటే రిజిస్టరు దస్తావేజు కావాలి. అయితే సబ్‌రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తాడే తప్ప అమ్మినవాడికి అమ్మే హక్కుందని పూచీపడడు. భారతదేశంలో హక్కు ఊహాత్మకమే. ఎదుటివాడు తప్పని రుజువు చేసేదాకా నిలిచే హక్కు. ఆస్ట్రేలియాలో టొరెన్స్ పద్ధతి కింద రిజిస్టరులో పేరుంటే హక్కు ఉన్నట్టే, దానికి ప్రభుత్వమే పూచీ. అలాంటిదే తేవాలని ఆంధ్రప్రదేశ్ చేసిన భూ హక్కుల చట్టం 2023 అక్టోబరులో అమలులోకి వచ్చింది. ఎన్నికల్లో పెద్ద రగడై, 2024లో రద్దయింది. తెలంగాణలో పాత పద్ధతే నడుస్తోంది.

ప్రభుత్వం పూచీ లేదు కనుక బ్యాంకు తన పూచీ తాను వెతుక్కుంటుంది. లింకు డాక్యుమెంట్లు అడుగుతుంది: ఇప్పటి యజమానికి అమ్మినవాడు, వాడికి అమ్మినవాడు, అలా వెనక్కి. ముప్పై ఏళ్ల వెనక్కి వెళ్లాలన్న ఆనవాయితీకి 1963 కాలపరిమితి చట్టం ఆధారం. ప్రైవేటు వ్యక్తి స్వాధీనం కోసం దావా వేసే గడువు 12 ఏళ్లు, ప్రభుత్వానికి 30 ఏళ్లు. ఈసీ, అంటే ఆస్తి మీద భారాల ధ్రువపత్రం, 1983 జనవరి 1 నుంచి కంప్యూటరులో దొరుకుతుంది. అంతకుముందుది కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు తీయించాలి.

ఈసీ శుభ్రంగా ఉంటే ఆస్తి శుభ్రంగా ఉన్నట్టేనని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. రిజిస్టరైన లావాదేవీలే ఈసీలో కనబడతాయి. ముస్లిం కుటుంబంలో నోటిమాటగా జరిగిన హిబా (దానం), అన్నదమ్ములు తెల్లకాగితం మీద రాసుకున్న పంపకం, చెల్లెలి వాటా, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనబడకపోవచ్చు. ఆడబిడ్డల వాటా సంగతి మరీ ముఖ్యం. ఉమ్మడి రాష్ట్రం 1986లోనే పెళ్లికాని కూతుళ్లకు సమభాగం ఇచ్చింది, కేంద్ర చట్టం 2005లో ఆ షరతు తీసేసింది, వినీత శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తండ్రి బతికున్నాడా లేడా అన్నదానితో పనిలేదని తేల్చింది. అప్పటి నుంచి వకీళ్లు తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం చూసి, ఆడపడుచులందరి సంతకాలూ అడుగుతున్నారు. పుట్టింటికి రాకపోకలు తెగిన చెల్లెలి సంతకం కోసం అన్న ఆమె అత్తారింటి గడప ఎక్కడం ఈ కాగితం పుణ్యమే.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కొనుగోళ్లకు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ తీర్పు అడ్డుకట్ట వేసింది: జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా మూడూ కలిపినా అమ్మకం కాదు. సాదాబైనామాల గొడవ ఇంకా తీరలేదు. తెల్లకాగితం మీద కొన్న సాగుభూములను క్రమబద్ధీకరించే దారి 1971 నాటి భూ హక్కుల రికార్డుల చట్టంలో ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2020 చట్టంలో లేకుండాపోయింది. 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చిన భూభారతి చట్టం, 2014 జూన్ 2కు ముందు కొని, 2020 అక్టోబరు–నవంబరులో అర్జీ పెట్టుకున్నవారికి ఆ దారి మళ్లీ తెరిచింది. అది తేలేదాకా ఆ భూమిలోంచి కోసిన ప్లాటుకు లోను రాదు.

ఊళ్లో ఇల్లు, చేనులో ఇల్లు, వెంచర్లో ఇల్లు

గ్రామకంఠంలోని పాత ఇల్లు బ్యాంకును అన్నిటికంటే ఎక్కువ తికమక పెడుతుంది. ఊరు కట్టుకున్న ఆ స్థలానికి విడివిడి సర్వే నంబర్లుండవు, పహాణీ ఉండదు, పట్టా ఉండదు. ఉండేది ఇంటి నంబరు, పంచాయతీ ఇంటి పన్ను రసీదు, ఇరుగుపొరుగు ఎరుక. ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అయినా మూడు తరాలుగా కాపురముంటున్న కుటుంబం దగ్గర అంతకుమించి ఏముంటుంది? సాధారణంగా అలాంటివారు పంచాయతీ కార్యదర్శి ఇచ్చే యాజమాన్య పత్రంతో తండ్రి చేత కొడుక్కి గిఫ్ట్ డీడ్ రిజిస్టరు చేయించి, అక్కడి నుంచి హక్కు మొదలుపెడతారు. ఒకే ఇంట్లో నిన్న రాసిన దస్తావేజును ముప్పై ఏళ్ల లింకు అనుకోవడం కుదరదు కనుక, కొన్ని బ్యాంకులు కొన్నేళ్ల పన్ను రసీదులు, కరెంటు బిల్లులు కలిపి చూస్తాయి, కొన్ని వెంటనే వెనక్కి పంపుతాయి. వడ్డీ ఎక్కువ తీసుకునే గృహరుణ కంపెనీలకు గిరాకీ ఉన్నది ఈ ఖాళీలోనే. జీతం ఒకటే, ఇల్లు ఒకటే. కాగితం లేనందుకు వడ్డీలో తేడా.

గ్రామకంఠానికి హక్కు కార్డులిచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020 ఏప్రిల్ 24న ప్రారంభించింది. ఆబాదీకి (గ్రామకంఠానికి), వ్యవసాయేతర భూములకు హక్కుల రికార్డు తయారు చేసే వీలు భూభారతి చట్టంలోనూ ఉంది. ఈ జిల్లాల్లో గృహరుణాలకు అలాంటి హక్కుల రికార్డు చేయగలిగినంత మేలు మరే పథకమూ చెయ్యకపోవచ్చు.

చేనులో కట్టిన ఇంటిది మరో చిక్కు. అప్పు మొండిబకాయి అయితే బ్యాంకు కోర్టుకు పోకుండానే ఇంటిని స్వాధీనం చేసుకోగల చట్టం 2002 నాటి సర్ఫేసీ. 13(2) నోటీసు ఇచ్చి 60 రోజులు ఆగి, ఆ తరవాత స్వాధీనం. అవసరమైతే జిల్లా మేజిస్ట్రేట్ సాయం. కానీ 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని ఈ చట్టం నుంచి తప్పించింది. అందుకే ఇల్లు కళ్లెదుట కనబడుతున్నా, భూమి రికార్డులో సాగుభూమిగా ఉంటే బ్యాంకు ముట్టుకోదు. నాలా అనుమతి, అంటే 2006 చట్టం కింద వ్యవసాయేతర భూమిగా మార్పు, తెమ్మంటుంది. మార్పు కాగితం లేకపోయినా భూమి నిజంగా సాగులో ఉందా లేదా అన్నది మొత్తం పరిస్థితులు చూసి తేల్చాలని 2018లో ఇండియన్ బ్యాంకు, పాపిరెడ్డియార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వాదన కోర్టులో బ్యాంకుకు పనికొస్తుందేమో గానీ, లోను అడిగే రైతుకు కౌంటరు దగ్గర పనికిరాదు.

2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చాక సాగుభూముల రిజిస్ట్రేషను తహసీల్దార్ దగ్గరికి, ఇళ్లు, ప్లాట్లవి సబ్‌రిజిస్ట్రార్ దగ్గరికి విడిపోయాయి. కనుక ఒకప్పుడు చేనుగా ఉండి ఇప్పుడు ప్లాటైన స్థలానికి చరిత్ర రెండు ఆఫీసుల్లో ఉంటుంది. నాలా ఉత్తర్వు ఆ రెంటినీ కలిపే ముడి. అది పోతే ఫైలు తెగినట్టే.

వెంచర్ల దగ్గర అడగాల్సింది లేఅవుట్ నంబరు. డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) సాంకేతిక ఆమోదం లేకుండా, సర్పంచి సంతకంతో ముద్ర వేసిన నక్షా లేఅవుటు కాదు. కానీ కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తా, కల్వకుర్తి దారుల్లో ఆ రకం నక్షాల మీద ప్లాట్లు చాలానే చేతులు మారాయి. ఇలాంటివాటి రిజిస్ట్రేషన్లను 2020 ఆగస్టు 26న ప్రభుత్వం ఆపింది, ఆ తేదీనే గీతగా పెట్టుకుని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) తెచ్చింది. ఏళ్లపాటు పెండింగులో పడ్డ ఆ దరఖాస్తులకు 2025లో 25 శాతం రాయితీతో మళ్లీ కదలిక వచ్చింది. ఎల్‌ఆర్‌ఎస్ రుసుము కట్టిన రసీదు వేరు, క్రమబద్ధీకరణ ఉత్తర్వు వేరు. మేనేజరు అడిగేది రెండోది.

స్థలం చక్కగా ఉన్నా కట్టడానికి అనుమతి కావాలి. ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వుల దరిమిలా 2006లో రిజర్వు బ్యాంకు, మంజూరైన ప్లాను లేని ఇంటికి అప్పివ్వవద్దని, ప్లాను ప్రకారమే కడతానని రుణగ్రహీత చేత అఫిడవిట్ తీసుకోవాలని ఆదేశించింది. తెలంగాణలో 2020 టీఎస్ బీపాస్ చట్టం మున్సిపాలిటీల్లో ఈ పని తేలిక చేసింది: 75 గజాల లోపు స్థలంలో పై అంతస్తు ఒకటి దాకా అనుమతే అక్కర్లేదు, 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు అయితే స్వయం ధ్రువీకరణతో వెంటనే వస్తుంది. బ్యాంకు ఇంజనీరు వచ్చినప్పుడు ప్లానులో ఒక అంతస్తు, కళ్లెదుట రెండు కనబడితే లోను ఒక అంతస్తు వరకే.

ఆంక్షలున్న చోట్లు

అలంపురం నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 2010 సవరణ చట్టం ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై రెండు వందల మీటర్లలో అనుమతి తప్పనిసరి. ఊరే గుళ్ల చుట్టూ అల్లుకున్న చోట ఈ గీత లోపల పడే ఇళ్లు చాలా ఉంటాయి. వాటికి అమ్మకం దస్తావేజు ఎంత పక్కాగా ఉన్నా కూల్చి కట్టుకోవడానికి లోను పుట్టదు.

నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్, మన్ననూరు వైపు గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతంలో ఉన్నాయి. 1959 నాటి భూబదిలీ నిబంధన, 1970 సవరణ ప్రకారం అక్కడ స్థిరాస్తి గిరిజనులకు తప్ప ఇతరులకు బదిలీ చెల్లదు, అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. చెంచుల భూమి చేజారకుండా కాపాడే నిబంధన ఇది. దాని ఇంకో ముఖం ఏమిటంటే, వేలం వేస్తే కొనేవాళ్లు తక్కువ కనుక బ్యాంకు చెంచు కుటుంబానికీ అప్పివ్వడానికి వెనకాడుతుంది.

అసైన్డు భూముల మీద 1977 చట్టం ఉంది. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి అమ్మితే చెల్లదు. బ్యాంకులకు తనఖా పెట్టిన భూమికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉందన్న సంగతి శాఖల్లో గుర్తుంచుకునేవారు తక్కువ. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింది నిషిద్ధ జాబితాలో సర్వే నంబరు ఉందంటే ఫైలు అక్కడికే మూత. ఒకే సర్వే నంబరులో రెండెకరాలు అసైన్డు, పదెకరాలు పట్టా అయితే, సబ్‌డివిజన్ తేలక మొత్తం నంబరే జాబితాకెక్కడం ఇక్కడ తరచూ వినబడే పెద్ద ఫిర్యాదు. దేవాదాయ, వక్ఫ్ భూములదీ ఇదే తీరు. శ్రీశైలం, జూరాల ముంపు కింద సేకరించిన భూములు సర్కారువి. నీళ్లు దిగినప్పుడు దున్నుకోవడం హక్కు కాదు. పునరావాస కాలనీల్లో ఇచ్చిన ఇంటిస్థలం పట్టాల మీద ఏ షరతులు రాశారో చదవకుండా ఏ వకీలూ సంతకం పెట్టడు.

తనఖా రాసుకునే తీరు

గృహరుణాల్లో వాడే తనఖా ఎక్కువగా హక్కు పత్రాల డిపాజిట్ పద్ధతి. అసలు దస్తావేజులు బ్యాంకుకు అప్పగిస్తే చాలు, తనఖా ఏర్పడుతుంది. ఆస్తి బదిలీ చట్టం 58(ఎఫ్) కింద ఈ అప్పగింత ప్రభుత్వం ప్రకటించిన పట్టణంలో జరగాలి, ఆస్తి మాత్రం ఎక్కడున్నా ఫరవాలేదు. నాగర్‌కర్నూల్ ఇంటి కాగితాలను హైదరాబాదులో అప్పగించడానికి వెనకున్న న్యాయం ఇది. డిపాజిట్ జరిగిందన్న మెమోరాండం రిజిస్టరు చేస్తే ఈసీలో కనబడుతుంది, రెండో బ్యాంకు మోసపోదు. దీనికి తోడు 2011లో మొదలైన సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో తనఖా నమోదు చెయ్యాలి. 2020 జనవరి నుంచి ఆ నమోదు లేకపోతే బ్యాంకుకు సర్ఫేసీ కింద చర్య తీసుకునే వీలుండదు. సహకార బ్యాంకుల దారి కొంచెం వేరు. గహాన్ అనే వాటి తనఖా పత్రం సహకార చట్టం కింద నడుస్తుంది.

దస్తావేజు ధర, అసలు ధర

30 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 90 శాతం దాకా, 75 లక్షల లోపు దానికి 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నియమం. ఏ విలువలో? చిన్న పట్టణాల్లో దస్తావేజులో రాసే ధర ప్రభుత్వ విలువకు దగ్గరగా ఉంటుంది, చేతులు మారే ధర దానికి ఎంతో ఎక్కువ. 2021 జులై నుంచి స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజు కలిపి 7.5 శాతం కనుక ఆ మేరకు మిగుల్చుకోవాలన్న ఆశ. ఉదాహరణకు 40 లక్షలకు బేరమైన ఇంటిని 24 లక్షలకు రాయించారనుకుందాం. బ్యాంకు ఇచ్చేది గరిష్ఠంగా 21.6 లక్షలు. పైన 16 లక్షలు, మార్జిను 2.4 లక్షలు, రిజిస్ట్రేషనుకు 1.8 లక్షలు, మొత్తం 20.2 లక్షలు కొనేవాడు చేతి నుంచి తేవాలి. స్టాంపులో మిగిలింది 1.2 లక్షలు. ఆ నగదు కోసం బయట తెచ్చిన అప్పు వడ్డీకి ఇది ఏ మూలకు సరిపోతుంది? పైగా 2015 జూన్ నుంచి స్థిరాస్తి బేరాల్లో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకోవడం ఆదాయపన్ను చట్టానికి విరుద్ధం.

ఇంటి బీమా

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, కృష్ణ ఒకేసారి పొంగాయి. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అలంపురం నీటమునిగింది. రాజోలిలో చేనేత కుటుంబాల ఇళ్లు, గుంట మగ్గాలు, నేతకు సిద్ధంగా ఉన్న పట్టు పోయాయి. సాయం ప్రభుత్వం నుంచి, దాతల నుంచి వచ్చింది. ఇంటికి బీమా అన్న మాటే అప్పటికి ఈ ఊళ్లలో లేదు.

2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ భారత్ గృహ రక్ష అనే ఒకే నమూనా పాలసీ అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ నిర్దేశించింది. నిప్పు, పిడుగు, పేలుడు, తుపాను, వరద, భూకంపం, కొండచరియలు, అల్లర్లు దీని పరిధిలోకి వస్తాయి. దొంగతనానికి మాత్రం ఒక షరతు: అలాంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల లోపు జరిగిందై ఉండాలి. పాలసీ పదేళ్ల దాకా తీసుకోవచ్చు. బీమా మొత్తం ఏటా పది శాతం తనంత తానే పెరుగుతుంది. ఇంట్లో సామానుకు ఇంటి మొత్తంలో 20 శాతం, పది లక్షలకు మించకుండా, విడిగా అడక్కుండానే దొరుకుతుంది. తక్కువకు బీమా చేశారని క్లెయిములో కోత పెట్టే పాత పద్ధతిని ఈ పాలసీ ఎత్తేసింది.

పొరపాటు సాధారణంగా బీమా మొత్తం దగ్గర జరుగుతుంది. బీమా ఇంటికి, స్థలానికి కాదు. స్థలం వరదలో కొట్టుకుపోదు. మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అంతకే బీమా. పన్నెండు వందల చదరపుటడుగుల ఇంటికి అడుగుకు 1,800 రూపాయల లెక్కన 21.6 లక్షలు. ఆ ఇంటిమీద లోను పది లక్షలే మిగిలుంటే, బ్యాంకు పది లక్షలకే బీమా చేయించి ఊరుకోవచ్చు. దాని డబ్బుకు అది చాలు, ఇంటివాళ్లకు చాలదు. పాలసీలో బ్యాంకు పేరు కూడా ఉంటుంది. క్లెయిము డబ్బు ముందు బ్యాంకు ఖాతాకే చేరుతుంది. ప్రీమియం ఖాతాలోంచి ఏటా కోసుకుపోతున్నా పాలసీ కాగితం ఇంట్లో లేనివాళ్లు ఎందరో. ప్రమాదం జరిగిన రోజున కంపెనీ పేరే తెలియకపోతే సకాలంలో కబురు చేసేదెలా?

గద్వాల, రాజోలి, అమరచింత నేత ఇళ్లకు ఇది మరీ వర్తిస్తుంది. గృహ పాలసీలో సామానంటే మంచం, బీరువా, టీవీ. మగ్గం, జరీ, పట్టు వ్యాపార సరుకు. వాటికి అదే 2021లో వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ వేరే ఉంది. ఒకే గది సగం ఇల్లు, సగం పని అయినవాడికి ఈ రెండూ కావాలి; లోను ఇచ్చే బ్యాంకుకు మొదటిది ఉంటే చాలు.

ప్రాణ బీమా

లోనుతో ప్రాణ బీమా తీసుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. ఆచరణలో గ్రూపు పాలసీ ఒకటి ఫైలులో అతికించి వస్తుంది, మొత్తం ప్రీమియం ఒకేసారి లోనులో కలుపుతారు, ఇరవై ఏళ్లు దాని మీద కూడా వడ్డీ పడుతుంది. ఇలాంటి పాలసీల్లో రక్షణ సాధారణంగా అప్పు తగ్గేకొద్దీ తగ్గుతుంది. వాయిదాలు తప్పి బాకీ పెరిగితే ఆ పెరిగిన భాగం కుటుంబం నెత్తినే. విడిగా తీసుకునే టర్మ్ పాలసీలో మొత్తం తగ్గదు, బ్యాంకు మారినా మనతో వస్తుంది. భార్యాభర్తలిద్దరి ఆదాయం చూపి తీసుకున్న లోనుకు భర్త ఒక్కడి పేరిట బీమా చెయ్యడం తరచూ కనబడే లోపం.

ఆరోగ్య వివరాల పత్రాన్ని ఏజెంటు నింపి టిక్కులు పెడితే, బీపీ, షుగర్ దాచిన నేరం సంతకం పెట్టినవాడిదే అవుతుంది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు నిండిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. ఆలోపు మరణమైతే కంపెనీ ఆ పత్రమే ముందుకు తీస్తుంది. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే లోన్లకు ముఖ్య వివరాల పత్రం తప్పనిసరి. బీమా, వకీలు ఖర్చులు కలిపి అసలు వడ్డీ రేటు ఎంత పడుతుందో అందులో ఉండాలి. సంతకాల కట్టలో ముందు చదవాల్సింది ఆ ఒక్క కాగితమే.

హక్కుకే బీమా

1868లో పెన్సిల్వేనియా కోర్టు, హక్కు గురించి తప్పు అభిప్రాయం చెప్పిన దస్తావేజు పరిశీలకుడిది బాధ్యత కాదని తీర్పిచ్చింది. కొన్నవాడు నిండా మునిగాడు. ఆ తీర్పు పర్యవసానంగా 1876లో ఫిలడెల్ఫియాలో తొలి టైటిల్ బీమా కంపెనీ పుట్టింది. మిగతా బీమాలు జరగబోయేవాటికైతే ఇది జరిగిపోయినవాటికి: ఫోర్జరీ, దాచిన వారసుడు, తీరని పాత తనఖా. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న పాలమూరు కుర్రాళ్లకు ఇది తెలిసిందే. అప్పిచ్చేవాడి కోసం టైటిల్ పాలసీ, ఇంటి బీమా, వరద మండలంలో ఉంటే వరద బీమా, చేతి సొమ్ము 20 శాతం కంటే తక్కువైతే రుణ బీమా, అన్నీ అక్కడ మామూలు.

భారతదేశంలో 2016 రెరా చట్టం 16వ సెక్షన్ బిల్డర్లు భూమి హక్కుకు బీమా చేయించాలంది, కానీ రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తేనే అది అమలులోకి వస్తుంది. కొన్ని కంపెనీలు టైటిల్ బీమా తెచ్చినా అవి పెద్ద ప్రాజెక్టులకే. వనపర్తిలో రెండు వందల గజాల ఇల్లు కొనేవాడికి దొరికేది ప్యానెల్ వకీలు అభిప్రాయం ఒక్కటే. అది కూడా బ్యాంకు కోసం రాసింది. ఫీజు కొనేవాడే కడతాడు, దాని ప్రతి మాత్రం చాలామంది అడిగి తీసుకోరు. తీసుకుని చదివితే, చివరి పేజీలో వకీలు పెట్టిన షరతులు కనబడతాయి: ఫలానా వారసుడి సంతకం తీసుకోవాలి, ఫలానా అసలు పత్రం చూడాలి అని. బ్యాంకు వాటిని సర్దుకుని లోను ఇచ్చి ఉండవచ్చు. దావా పడితే మొదట బయటికొచ్చేవి అవే.

అప్పు తీరాక

అప్పు పూర్తిగా కట్టిన 30 రోజుల లోపు అసలు పత్రాలన్నీ తిరిగివ్వాలని, సెర్సాయ్‌లో భారం తీసేయాలని, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమలులో ఉంది. పత్రాలు బ్యాంకు దగ్గరే పోతే నకళ్లు తెప్పించే ఖర్చు బ్యాంకుదే. దానికి మరో 30 రోజుల గడువుంది. మెమోరాండం రిజిస్టరైన చోట తనఖా రద్దు పత్రం కూడా రిజిస్టరు చేయించాలి, లేకపోతే ఈసీలో పాత భారం కనబడుతూనే ఉంటుంది. బీమా పాలసీలోంచి బ్యాంకు పేరు తీయించాలి. ఏటా ప్రీమియం కోసుకునే ఆదేశం లోను ఖాతాతోపాటు మూతపడుతుంది కనుక, ఆ తరవాత పాలసీని ఇంటివాళ్లే పొడిగించుకోవాలి.